సీతాకోకచిలుకల గుంపును తెలుగులో ఏమనాలి? గోడ మీద రాయాలి

కుంచె (ముషీరాబాద్)

అందరికీ నమస్కారం. నేను బోర్డులు రాసే పెయింటర్ని. 34 ఏళ్లుగా ఇదే పని. ఫ్లెక్సీలు వచ్చాక షాపు బోర్డులు తగ్గిపోయాయి. ఇప్పుడు ఎక్కువగా బడి గోడలు, గుడి గోడలు, పార్కు గోడలు రాస్తున్నాను. నాకొక మాట కావాలి. రెండు రోజులుగా కూర్చున్నా నిలబడ్డా అదే ఆలోచన.

సంగతి ఇది. ఒక కాలనీ పార్కులో పిల్లలు ఆడుకునే వైపు గోడ నాకు అప్పజెప్పారు. పొడవు 30 అడుగులు. దాన్ని ఆరు గళ్లు చేసి, ఒక్కో గడిలో తోటలో కనబడే ఒక్కో జీవి బొమ్మ వేసి, కింద దాని గుంపును ఏమంటారో రాయాలి. పైన ఇంగ్లీషు, కింద తెలుగు. ఇంగ్లీషు మాటలు కమిటీవాళ్లు కాగితం మీద ఇచ్చారు. సీతాకోకచిలుకలకు 'కెలైడోస్కోప్' అట. ఎర్రగా నల్లచుక్కలతో ఉండే లేడీబర్డ్ పురుగులకు 'లవ్లీనెస్'. చీమలకు 'ఆర్మీ', తేనెటీగలకు 'స్వార్మ్', నత్తలకు 'ఎస్కార్గటోర్', కాకులకు 'మర్డర్'. బాగున్నాయి, నాకేం అభ్యంతరం లేదు. గొడవంతా కింద రాయాల్సిన తెలుగుతోనే. ఆ తెలుగు ఎవరో ఫోన్లో కొట్టి తీసినట్టున్నారు. 'కాకుల హత్య' అని ఉంది. 'లేడీబర్డ్‌ల అందం', 'సీతాకోకచిలుకల కెలిడోస్కోప్' అని ఉంది.

ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. జారుడుబండ దిగిన పిల్ల తలెత్తితే ఎదురుగా కనబడే గోడ అది. అప్పుడప్పుడే గుణింతాలు కూడబలుక్కుంటున్న పిల్లలు చదువుతారు. వాళ్లకోసం 'కాకుల హత్య' అని నా చేత్తో రాయలేనన్నాను. "అయితే ఆరింటికీ గుంపు అని రాసెయ్, లేదంటే ఆదివారంలోగా నువ్వే మాటలు తే" అన్నారు. తెస్తానన్నాను.

గుంపు తప్పు మాటేం కాదు. కానీ మా అమ్మ ఏనాడూ అన్నిటినీ గుంపు అనలేదు. మాది భువనగిరి దగ్గర పల్లె. గొర్లయితే మంద. కొంగలు పోతుంటే బారు. కట్టెలు మోపు, గడ్డి వామి, కొత్తిమీర కట్ట, అరటిపళ్లు గెల, మల్లెపూలు మూర. వాన పడ్డ రాత్రి దీపం చుట్టూ ముసిరేవి ఉసిళ్లు. ఒక్క ఉసిలిని గురించి ఎవరైనా మాట్లాడగా నేను వినలేదు, ఆ మాటే గుంపుగా పుట్టింది. ఇన్ని మాటలున్న భాషలో సీతాకోకచిలుకకు ఒక్కటి లేకుండా పోతుందా?

ఇంకో విషయం. 'సీతాకోకచిలుకల' అంటేనే ఎనిమిది అక్షరాలు. పిల్లలకు దూరం నుంచి కనబడాలంటే అక్షరం నాలుగు అంగుళాల ఎత్తైనా ఉండాలి. ఐదడుగుల గడిలో మూడడుగులకు పైగా ఆ ఒక్క మాటే తినేస్తుంది. పక్కన మూడక్షరాల మాటకు చోటుంటుంది, బిగించి రాస్తే నాలుగు.

చిన్నప్పుడు అద్దాల షాపులో పారేసిన మూడు అద్దం ముక్కలు తెచ్చి, అట్టలో చుట్టి, లోపల అమ్మ విరిగిన గాజులు వేసి తిప్పి చూసేవాణ్ని. కెలైడోస్కోప్ అంటే అదే. ఇంగ్లీషువాళ్లు ఆ మాట ఎందుకు పెట్టారో అర్థమైంది, మంచి మాటే పెట్టారు. మనకూ అంత మంచి మాట కావాలి. తెలిసినవాళ్లు చెప్పండి.

మిద్దెతోట (నాగోలు)

అన్నా, ముందు ఆ ఎర్ర పురుగు సంగతి. దానికి తెలుగులో చక్కటి పేరుంది. అక్షింతల పురుగు. వ్యవసాయం చేసేవాళ్లంతా అదే అంటారు. దయచేసి గోడ మీద లేడీబర్డ్ అని తెలుగులో రాయకండి.

మా మిద్దె మీద డ్రమ్ములో చిక్కుడు తీగ ఉంది. మొన్న సంక్రాంతి ముందు దాని చివుళ్లన్నీ పేనుబంకతో నల్లబడిపోయాయి. ముట్టుకుంటే వేళ్లకు జిగురు. చూడండి, పేనుబంక అన్నది కూడా గుంపు పేరే. పేలలాంటివి బంకలాగా అతుక్కుని ఉంటాయి కాబట్టి ఆ పేరు. ఒక్క పురుగుకంటూ వేరే పేరు మేం వాడం. మందు కొట్టమని పక్కింటావిడ సలహా ఇచ్చారు, నేను కొట్టలేదు. పొద్దున్నే నీళ్లు చిమ్మి కొన్నిటిని రాల్చి ఊరుకున్నాను. వారం తిరక్కుండానే అక్షింతల పురుగులు దిగాయి. మావి పసుపురంగువి, వీపు మీద నల్ల వంకర గీతలు. తర్వాత వాటి పిల్లలు వచ్చాయి. ఆ పిల్లలు తల్లిలా గుండ్రంగా ఉండవు. నల్లగా పొడుగ్గా, ముడతలు ముడతలుగా, గోరంత మొసలిలా ఉంటాయి. తెలియనివాళ్లు అవేవో పాడు పురుగులని నలిపేస్తారు. తల్లీ పిల్లా రెండూ పేనుబంకను తినేవే. మీరు బొమ్మ వేసేటప్పుడు ఓ మూల ఆ పిల్లపురుగును కూడా వేయండి అన్నా, చూసిన పిల్లలు దాన్ని చంపకుండా ఉంటారు.

జానెడు తీగ మీద ఒక పొద్దున పద్నాలుగు లెక్కపెట్టాను. పచ్చటి కాయల మీద పచ్చపచ్చగా. పెళ్లిపీటల మీద దోసిళ్లతో పోసుకున్నట్టు ఉంది. అక్షింతల పురుగులు ఎక్కువైతే ఇంకేమవుతాయి, తలంబ్రాలే. 'అక్షింతల పురుగుల తలంబ్రాలు' అని రాయండి. మీ గడిలో పట్టకపోతే రెండు వరుసలు చేయండి, ఈ ఒక్కదానికి చేయొచ్చు.

ఇక సీతాకోకచిలుకలంటారా, నాకో సందేహం ఉంది. అవి గుంపులు కడతాయా అసలు? నా కరివేపాకు కుండీకి నలుపూ లేతపసుపూ గళ్లున్న పెద్ద సీతాకోకచిలుక వస్తుంది. ఒక ఆకు మీద ఒక గుడ్డు పెట్టి ఇంకో ఆకుకు పోతుంది. అన్నీ ఒకేచోట పెట్టదు. పుట్టిన పురుగు మొదట్లో పిట్టరెట్టలా నలుపూ తెలుపుగా ఉంటుంది, పెద్దదయ్యాక ఆకుపచ్చ. పుల్లతో కదిపితే తల వెనక నుంచి నారింజరంగు కొమ్ములు బయటికి తీస్తుంది, ఘాటు వాసన వస్తుంది. అదీ ఒంటరిగానే తింటుంది. కాబట్టి నా మిద్దె మీద గుంపు ఎప్పుడూ చూడలేదు. ఎప్పుడన్నా ఓ పది కలిస్తే మాత్రం పేరంటం అనుకుంటాను. పేరులోనే కోక ఉంది కదా, కోకలు కట్టుకుని వచ్చినవాళ్లు కూడితే పేరంటమే.

పాతపుస్తకం (విద్యానగర్)

కుంచె గారూ, మీ పట్టుదలకు దండం. నేను కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఈ గుంపు మాటలు నాకు చాలా ఇష్టమైన విషయం, కాస్త ఎక్కువ రాస్తే ఓర్చుకోండి.

ఒక్కో జీవి గుంపుకు ఒక్కో పేరు పెట్టడం ఇంగ్లీషువాళ్ల సొత్తేమీ కాదు. అమరసింహుడు రాసిన సంస్కృత పదకోశం ఉంది కదా, ఆ అమరకోశం రెండో కాండలో సింహాదివర్గం తీసి చూడండి. సమూహం అనే అర్థంలో సందోహం, నికరం, వ్రాతం, స్తోమం అంటూ మాటల వరస ఇచ్చి, ఆ తర్వాత విడదీసి చెబుతాడు. జంతువుల గుంపు అయితే సంఘం, సార్థం. ఒకే జాతివి కలిస్తే కులం. పశుపక్ష్యాదులకు యూథం. పశువులకు సమజం, ఇతరులకు సమాజం. దీర్ఘం ఒక్కటే తేడా. మనం రోజూ అనే సమాజం అక్కడిదే. వర్గం చివర పావురాల గుంపు కాపోతం, చిలకల గుంపు శౌకం, నెమళ్ల గుంపు మాయూరం, తిత్తిరిపిట్టల గుంపు తైత్తిరం అంటాడు. ఇంతకంటే ఏం కావాలి!

దీని వెనక పాణిని వ్యాకరణం ఉంది. 'దాని సమూహం' అనే అర్థంలో ప్రత్యయాలు చేర్చడానికి నాలుగో అధ్యాయంలో ఒక ప్రకరణమే ఉంది. ఆ లెక్కన కాకుల సమూహం 'కాకం', కొంగల సమూహం 'బాకం'. జనుల సమూహానికి 'తా' చేరి 'జనతా'. అంటే పార్టీ పేర్లలో, బజారు పేర్లలో మనం రోజూ పలికే జనతా కూడా ఇలాంటి గుంపు మాటే. మనుషుల గుంపుకు పెట్టిన పేరు నేటికీ బతికుంది, కాకులది పుస్తకంలో ఉండిపోయింది.

తెలుగు కావ్యాల్లో తుమ్మెదలకు 'పిండు', 'గమి' అన్న మాటలు వాడారు. అవి అచ్చతెలుగు మాటలే అయినా గోడకు వద్దంటాను. తుమ్మెదల పిండు అని చదివితే ఇవాళ్టి పిల్లలకు బట్టలు పిండడమే గుర్తొస్తుంది.

ఇంగ్లీషు జాబితా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే మీ కమిటీవాళ్లు అదేదో శాస్త్రం అనుకుంటారు. 1486లో ఇంగ్లండులో 'సెయింట్ ఆల్బన్స్ పుస్తకం' అని వేట, డేగల పెంపకం గురించిన పుస్తకం అచ్చయింది. అందులో ఇలాంటి మాటల పట్టిక ఉంది. దొరబిడ్డ ఏ గుంపును ఏ పేరుతో పిలవాలో తెలిసుండాలన్న పట్టింపు కొంత, చమత్కారం ఎక్కువ. న్యాయమూర్తుల గుంపుకు 'సెంటెన్స్' అనడం లాంటివి కూడా ఉన్నాయి, అంటే తీర్పులు చెప్పేవాళ్లు కాబట్టి తీర్పు. కాకుల 'మర్డర్' కూడా 15వ శతాబ్దపు మాటే, ఆ ధోరణిలో పుట్టిందే. కానీ 'కెలైడోస్కోప్' అంత పాతది అయ్యే వీలే లేదు. ఆ గొట్టాన్ని తయారుచేసి ఆ పేరు పెట్టింది స్కాట్లండుకు చెందిన డేవిడ్ బ్రూస్టర్, 1817లో పేటెంటు పొందాడు. అంతకుముందు ఆ మాటే లేదు. అంటే సీతాకోకచిలుకలను చూసి ఎవరికో ఆ గొట్టం గుర్తొచ్చింది, పెట్టేశారు, నలుగురికీ నచ్చి నిలిచింది.

అందుకని నా సలహా ఇది. పాతమాట దొరికేదాకా ఆగక్కర్లేదు. చూసినవాడు పెట్టిన పేరే అప్పుడూ నిలిచింది. మీరు బొమ్మ వేసే మనిషి, మీ కన్ను మీద నాకు నమ్మకం ఉంది. 'హత్య' మాత్రం రాయనన్నారు చూడండి, ఆ ఒక్క మాటకు మీకు రుణపడి ఉంటాను.

కుంచె

సార్, జనతా సంగతి చదివి కుర్చీలోంచి లేచాను. జనతా హోటల్, జనతా టైలర్స్, జనతా ఫ్యాన్సీ స్టోర్ అని ఎన్ని బోర్డులు రాశానో లెక్కలేదు. 'తా' కాస్త పెద్దగా సాగదీసి రాయడం నా అలవాటు. ఆ తా లోనే గుంపు ఉందని ఇన్నాళ్లూ తెలియదు.

అక్కా, తలంబ్రాలు ఖాయం. పిల్లపురుగును కూడా వేస్తాను, ఫోటో ఉంటే పంపండి.

వాననేల (ఉప్పల్)

పెయింటర్ అన్నా, మా ఊరు పరిగి దగ్గర. నాన్న ఇప్పటికీ పత్తి, కంది వేస్తాడు. నేను ఉద్యోగానికి ఇక్కడికొచ్చి పదేళ్లయింది.

మీరు పురుగును బట్టి పేరు వెతుకుతున్నారు. మా నాన్న నోట వినే మాటలు అట్లా ఉండవు. ఆ పురుగు ఏం చేస్తోందో దాన్ని బట్టి ఉంటాయి. చీమలనే తీసుకోండి. నడుస్తుంటే బారు. ఇంట్లో ఉంటే పుట్ట. బెల్లం మీద పడితే దండు. చీమలు అవే, మాట మారింది. ఈగలకైతే అసలు పేరే అక్కర్లేదు, ముసిరాయి అంటే గుంపు అందులోనే ఉంది. ఒక్క ఈగ ముసరదు కదా. మూగడం, కమ్ముకోవడం, బారులు తీరడం, ఇవన్నీ ఒక్కదాని వల్ల అయ్యే పనులు కావు. ఇంగ్లీషులో పేరులో పెట్టిన గుంపును మనం క్రియలో పెట్టుకున్నాం. మనకు మాట లేదని చిన్నబుచ్చుకోవద్దు.

చీమలకు 'బారు' రాయండి. 'సైన్యం' వద్దు. ఆ బారు ఎట్లా నిలబడుతుందో ఎప్పుడన్నా చూశారా? ముందు పోయిన చీమ నేల మీద వాసన వదులుతూ పోతుంది, వెనకది ఆ వాసన పట్టుకుని వస్తుంది, తనూ కాస్త వదులుతుంది. మధ్యలో తడి వేలితో అడ్డంగా గీయండి. రెండువైపులా చీమలు అక్కడే ఆగి మీసాలు తిప్పుతూ తచ్చాడతాయి. కాసేపటికి ఒకటి దాటుతుంది, మళ్లీ గీత కలుస్తుంది. అది సైన్యం కాదు, ఎవరూ హుకుం ఇవ్వరు. గీతే వాటిని నడిపిస్తుంది.

దండు అన్నమాట మిడతలకు వదిలేయండి. అది వాటికి పూర్తిగా తగుతుంది. ఎడారి మిడత ఒంటరిగా ఉన్నప్పుడు మామూలు గడ్డిమిడతలాగే దాని బతుకు అది బతుకుతుంది, ఇంకో మిడత కనబడితే తప్పుకుంటుంది. వాన పడి పచ్చిక పెరిగి సంఖ్య ఎక్కువై, మేత తగ్గేకొద్దీ ఒకచోట ఇరుక్కున్నప్పుడు వెనక కాళ్లు ఒకదానికొకటి పదేపదే తగులుతాయి. ఆ తాకిడికే దాని గుణం మారిపోతుంది. రంగు కూడా మారుతుంది. అప్పటిదాకా దూరం జరిగింది కాస్తా దగ్గరికి చేరుతుంది, దండు కడుతుంది. జాతి ఒకటే, గుంపు కట్టగానే వేరే జీవి. 2020 మే నెలలో ఆ దండు విదర్భ దాకా వచ్చినప్పుడు మన సరిహద్దు జిల్లాలను అప్రమత్తం చేశారు. మా నాన్న డప్పు తీసి సిద్ధంగా పెట్టుకున్నాడు. మా వైపు రాలేదు.

ఇంకొకటి చెప్పి ముగిస్తా. లద్దెపురుగు తెలుసు కదా. దాని తల్లి ఆకు అడుగున వందల గుడ్లు ఒక్క ముద్దగా పెట్టి పైన నూగు కప్పుతుంది. పిల్లలు పుట్టగానే చెదిరిపోవు, అదే ఆకు మీద పక్కపక్కనే చేరి పచ్చదనమంతా గీకి తినేస్తాయి. ఈనెలు మిగిలి ఆకు తెల్లగా, సన్నటి రంధ్రాలతో అయిపోతుంది. దాన్ని మావాళ్లు జల్లెడాకు అంటారు. చేనంతా తిరగక్కర్లేదు, జల్లెడాకు కనబడితే తెంపి తొక్కేస్తే వందల పురుగులు పోయినట్టే. అందుకే చేని గట్టున ఆముదం వేస్తారు, తల్లి ముందు దాని మీదికే పోతుంది. ఆ గుంపుకు పేరు పెట్టలేదు చూడండి, అవి తిని వదిలిన ఆకుకు పెట్టారు. అవసరం ఉన్నచోట మాట పుట్టింది.

గవ్వలచెరువు (చిక్కడపల్లి)

కాకులకు నేను చెబుతా. మా అమ్మ రోజూ వంటయ్యాక పిట్టగోడ మీద ముద్ద పెడుతుంది. మొదట వచ్చిన కాకి తినదు. అరుస్తుంది. ఇంకో నాలుగు వచ్చాకే ముక్కు పెడుతుంది. ఆలస్యంగా వచ్చినవి నీళ్లట్యాంకు మీద కూర్చుని చూస్తుంటాయి, మొదటివి లేచాక ఇవి దిగుతాయి. "రెండో బంతి కూర్చుంది" అంటుంది అమ్మ. పెళ్లిలో భోజనాలకు బంతులు కూర్చోబెడతారు చూడండి, అట్లా. కాకుల బంతి. రెండక్షరాలే.

పచ్చిమట్టి (మలక్‌పేట)

ఆదివారాలు కెమెరా పట్టుకుని సీతాకోకచిలుకల వెంట తిరుగుతుంటాను. మిద్దెతోట అక్కకు జవాబు ముందు. అవి గుంపు కడతాయి అక్కా, మీ మిద్దె మీద కాదు, తడి నేల మీద. వానలు మొదలయ్యాక అనంతగిరి వైపు బాటల్లో, నీళ్లు ఇంకిన ఇసుక మీద పదులకొద్దీ వాలి కనబడతాయి. లేతపసుపు, లేత ఆకుపచ్చ రెక్కలవి ఎక్కువ. తంగేడు, రేల ఆకులు తిని పెరిగేవి అవే. తంగేడు ఉన్నచోట వాటికి కొదవలేదు. నాలుకను మట్టిలోకి దింపి నీళ్లు పీలుస్తాయి. దాహం కోసం కాదు, ఉప్పు కోసం. పూలతేనెలో తీపి ఉంటుంది కానీ ఉప్పు ఉండదు. పీల్చిన నీళ్లను వెనక నుంచి చుక్కలు చుక్కలుగా వదిలేస్తూనే ఉంటాయి, ఉప్పును మాత్రం ఒంట్లో ఉంచుకుంటాయి.

కానీ పేరంటం కుదరదక్కా. అక్కడ చేరేవి దాదాపు అన్నీ మగవే. జతకట్టినప్పుడు ఆ ఉప్పును ఆడదానికి అందిస్తాయి, అది గుడ్లకు చేరుతుంది.

ఇంకో రకం గుంపు కూడా ఉంది. నల్లరెక్కల మీద లేత నీలిచారలున్నవి వానల ముందు పడమటి కనుమల నుంచి తూర్పుకు వలస వస్తాయి, ఈశాన్య రుతుపవనాల కాలానికి తిరిగి పడమర పోతాయి. దారిలో జనుము జాతి మొక్కల మీద వాలితే కొమ్మ కనబడదు. ఏటా వేళకు వచ్చి, నాలుగు రోజులుండి, వెళ్లిపోతాయి కాబట్టి నేను మనసులో 'జాతర' అనుకుంటాను. మీకు మూడక్షరాలే కావాలన్నారు కదా అన్నా, అతికినట్టు సరిపోతుంది.

మిద్దెతోట

మగవని తెలియదు తమ్ముడూ. అయితే పేరంటం తీసేయండి. ఇన్నేళ్లూ పొరపాటు పడ్డాను. నా మిద్దె మీద పళ్లెంలో మట్టి తడిపి పెట్టి చూస్తాను ఇక.

పాతపుస్తకం గారికి ఒక మాట. మా అత్తమ్మ గొంగడి పురుగు అంటుంది, గొంగళి అనదు. ఆమె పుట్టిల్లు కురుమోళ్ల వాడకట్టు పక్కనే, గొంగళ్లు నేయడం చూస్తూ పెరిగింది. నల్లబొచ్చు గొంగడి కప్పుకున్నది కొన్నాళ్లు గూట్లో పడుకుని కోక కట్టుకుని లేచొచ్చిందంటుంది. పేరు పెట్టినవాళ్లు రెండు పేర్లూ ఒకరే పెట్టారేమోననిపిస్తుంది.

కుంచె

అందరికీ మళ్లీ నమస్కారం. రెండు రోజులు జవాబివ్వలేదు, పనిలో ఉన్నాను.

కాకుల బంతి రాసేశాను. అదే మొదట రాశాను, ఆ గడిలో 'హత్య' పడాల్సింది కదా, ముందు ఆ చోటు శుభ్రం చేసుకున్నట్టు ఉంటుందని. ఐదు కాకులు ముద్ద చుట్టూ, రెండు ట్యాంకు మీద ఎదురుచూస్తూ. తేనెటీగలకు తుట్టె. దాని గురించి ఎవరినీ అడగక్కర్లేకపోయింది, పార్కు పక్క అపార్టుమెంటుకు నాలుగో అంతస్తు సజ్జ కింద నిజమైన తుట్టె వేలాడుతోంది. కింద నిలబడి చూశాను. దగ్గరికి ఏదన్నా ఎగిరొస్తే తుట్టె మీది ఈగలు ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా ఒళ్లు విరుచుకున్నట్టు అల కొట్టాయి. గుంపునూ ఇంటినీ ఒకే మాటతో ఎందుకు పిలుస్తారో అక్కడ తెలిసింది, రెండూ విడదీయలేం.

చీమలను గడిలో నుంచి తీసేశాను. వాననేల తమ్ముడి మాట చదివాక ఐదడుగుల్లో బారు ఎట్లా పడుతుంది? ఆరు గళ్ల కింద, నేలకు జానెడు ఎత్తులో, 30 అడుగుల పొడవునా ఒకటే బారు వేస్తున్నాను. సుద్దదారం కొట్టుకుని, సన్న కుంచెతో ఒక్కో చీమకు మూడు చుక్కలు, ఆరు గీతలు. నాలుగేళ్ల పిల్లలు గొంతుక్కూర్చుంటే కళ్లకు దగ్గరగా ఉంటుంది. మధ్యలో ఒకచోట వేలితో గీసినట్టు బారు తెంపి, రెండువైపులా తచ్చాడే చీమలు వేశాను. ఖాళీ అయిన గడిలో తమ్ముడి జల్లెడాకు వేసి, పేరు రాశాను. కమిటీవాళ్లు ఒప్పుకున్నారు.

ఇక సీతాకోకచిలుక. జాతర బాగా నచ్చింది, దాదాపు రాయబోయాను. నిన్న పొద్దున పది దాటాక కుంచెలు కడుక్కోవడానికి పార్కు నల్లా దగ్గరికి పోయాను. ఆ నల్లా కారుతుంటుంది, కింద చాపంత మేర బురద. దాని మీద పసుపురంగువి నలభై దాకా వాలి ఉన్నాయి. నేను తార్పిన్ డబ్బా పక్కన పెట్టి గొంతుక్కూర్చున్నాను. రెక్కలన్నీ పైకి మూసే ఉన్నాయి. దాదాపు అన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. కదలడం లేదు, ఎప్పుడన్నా ఒకటి అడుగు జరుగుతోంది. తడి నల్లమట్టి మీద ఒకే ఆకారం, ఒకే కొలత, ఒకే రంగు, కాస్త కాస్త ఎడంతో. నాకు జాతర గుర్తురాలేదు. జాతరలో సందడి ఉంటుంది, అక్కడ చప్పుడే లేదు. అచ్చుదిమ్మెతో ఒక్కొక్కటే ముంచి కోక మీద అద్దినట్టుంది. అమ్మకు అట్లాంటి కోక ఒకటి ఉండేది, నల్ల నేత మీద పసుపు బుటాలు.

అందుకే 'అద్దకం' అని రాస్తున్నాను. సీతాకోకచిలుకల అద్దకం. కోక ఆ పేరులో ముందే ఉంది, అద్దకం దాని మీద కూర్చుంది. మూడక్షరాలే. ద్విత్వం ఉంది కాబట్టి ద కింద వత్తుకు రెండంగుళాలు కిందికి చోటు వదిలాను. బొమ్మలో ఎగిరేది ఒక్కటీ లేదు, అన్నీ నేల మీదే. పచ్చిమట్టి తమ్ముడూ, నొచ్చుకోకండి. వలసవి చూసినరోజు జాతర అని నేనే ఇంకో గోడ మీద రాస్తాను.

ఇప్పుడు మిగిలింది నత్తలు. వాటి గడి ప్రైమర్ కొట్టి తెల్లగా అట్లాగే ఉంది. పొద్దున్నే వచ్చి చూశాను, గోడ మొదట్లో తడి ఇటుకల మీద ఏడు కనబడ్డాయి, ఒకదాని వెనక ఒకటి కాదు, ఒకచోట కూడి కూడా కాదు, దేని వెండిగీత దానిదే. గీతలు మాత్రం ఒకదాన్నొకటి దాటుకున్నాయి. ఎవరికైనా మాట తడితే శనివారం రాత్రిలోగా రాయండి. 'నత్తల' అంటే మూడక్షరాలే, పక్కన చోటు చాలా ఉంది.